లైట్‌హౌస్‌కి కట్టిన దండెం

ఓడ ఆగింది, మెట్లు దించారు. దిగడానికి తొందరపడనిది చిన్నల్లుడొక్కడే.

ఎందుకంటే ఈ ఊరు ఎంచింది అతనే. ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికో ఒకచోటికి వెళ్ళడం అత్తగారింట్లో అలవాటు. ఆ ఎక్కడికో ఏంటో ఆరేళ్ళుగా తేల్చేది పెద్దల్లుడు, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ వేలెత్తి చూపించలేదు. ఈసారి పెళ్ళై ఏడాది కూడా తిరగని చిన్నల్లుడు ఎగిరెగిరి పడి, ఈ ఓడే కావాలి, ఈ దారే కావాలి, మధ్యలో ఈ ఎడారి ఊళ్ళో ఆగాల్సిందే అని పట్టుబట్టాడు. పెద్దల్లుడు చూపించిన ఓడైతే పెద్ద పెద్ద షాపులున్న రేవులో ఆగేది. పెద్దల్లుడి భార్య, అదే వదినగారు, ఆ షాపుల కోసమని ఓ ఖాళీ సూట్‌కేసు కూడా సిద్ధం చేసుకుంది. ఆ సూట్‌కేసు ఇప్పుడు కేబిన్లో నోరు తెరుచుకుని, వచ్చేపోయేప్పుడల్లా చిన్నల్లుడి వంకే చూస్తోంది.

ఊరు బాగోకపోతే ఏమవుతుందిలే, ఓ పూట వేస్టు, అంతేగా అనుకునేవాళ్ళకి ఆ ఇంటి సంగతి తెలీదు. ఆ ఇంట్లో తప్పు చేస్తే తిట్టరు. పేరు పెడతారు. పెట్టారా, ఇక అది పచ్చబొట్టే. ఎప్పుడో నీళ్ళు రాని హోటల్ బుక్ చేసిన పాపానికి ఓ బాబాయి నీళ్ళులేని బాబాయి అయిపోయాడు. ఆయనిప్పుడు ఊరూరా బోర్లు వేయించే కాంట్రాక్టరు, అయినా నీళ్ళులేని బాబాయే. వేరే ట్రైన్ ఎక్కించిన మావయ్య రాంగ్‌ట్రైన్ మావయ్య, ఆయన భార్య రాంగ్‌ట్రైన్ అత్తయ్య. పాపం ఆ ట్రైన్ ఎక్కిన రోజుకి ఆవిడకి పెళ్ళే కాలేదు. వాళ్ళ పిల్లల్ని కూడా ఫలానా రాంగ్‌ట్రైన్ వాళ్ళబ్బాయి అనే గుర్తుపడతారు. చిన్నల్లుడికి ఇంకా పుట్టని తన పిల్లల్ని తల్చుకుంటేనే గుండె తరుక్కుపోయింది.

ఇంత గొడవకీ కారణం ఒకే ఒక్క ఫోటో. ఇసక కొండలు ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి వచ్చి నేరుగా సముద్రంలోకి దిగిపోతుంటాయి, ఈ పక్కంతా బంగారం, ఆ పక్కంతా నీలం. ఊళ్ళో లైట్‌హౌస్ ఎక్కి తీసిన ఫోటో అట. చూసిన క్షణం నించి మనవాడు మనిషి కాడు. అత్తగారికి చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని పరీక్షగా చూసి, ఎండ బావుందండీ అల్లుడుగారూ అంది. మర్యాదకి అందనుకున్నాడు.

మెట్ల దగ్గర అందరూ టోపీలూ నల్లకళ్ళజోళ్ళూ పెట్టుకుని స్టయిలుగా దిగుతుంటే అత్తగారు ఓ పెద్ద సంచీ ఈడ్చుకుంటూ వచ్చింది. చిన్నల్లుడు గబుక్కున అందుకున్నాడు, కొత్తల్లుడు కదా, అందుకోక చస్తాడా. అందుకున్నాక భుజం జారిపోయినంత పనైంది. లోపలున్నవి తడిబట్టలు. ఓడెక్కిన దగ్గర్నించీ పోగైనవి. వాళ్ళ కేబిన్లకి కిటికీల్లేవు. బాత్రూములో తాడు కట్టి ఆరేస్తే ఆ ఏసీ చెమ్మకి ఆరవు, ఎండవు, దెయ్యాల్లా వేలాడుతూ ముక్కిపోయిన వాసన. ఓడలో లాండ్రీ ఉంది కదమ్మా అంటే, ఉంటే ఉంది, ఎవరెవరివో కలిపి తిప్పి వేడిగాలి కొట్టిస్తారు, ఎండమొహం చూడని బట్ట ఒంటికి తగిలితే దురదే అని అత్తగారి సిద్ధాంతం. ఊరు చూట్టానికెళ్తూ మూటేంటమ్మా అని చిన్నమ్మాయి, అంటే చిన్నల్లుడి భార్య, తల కొట్టుకుంది. ఎక్కడో ఓ చోట చోటు దొరక్కపోదులే అంది అత్తగారు.

ఇక ఊరు. ఊరంటే ఒకటే వీధి. టైర్ల షాపు ముందు టైర్లు దొంతరగా పేర్చి ఉన్నాయి, వాటినిండా ఇసక. మందుల షాపాయన చీపురుతో ఇసక బయటికి ఊడుస్తున్నాడు, ఊడ్చిన ఇసకని గాలి ఆయన వెనకనించే లోపలికి తెస్తోంది, ఇద్దరికీ ఏళ్ళ తరబడి అలవాటున్నట్టుంది, ఎవరూ కోప్పడ్డంలేదు. ఒకే కుర్చీ ఉన్న మంగలి షాపు. దాని గుమ్మానికి వేలాడేసిన తువ్వాలు అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది. అత్తగారు దాన్ని వేళ్ళతో పట్టుకు చూసి, నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది. రేవు ఆఫీసులో గుమాస్తా బల్ల మీద తల పెట్టుకుని నిద్ర. అంతే, ఊరైపోయింది.

పెద్దల్లుడు చేతులు వెనక్కి కట్టుకుని, ఇస్త్రీ నలక్కుండా నడుస్తూ, "బావుంది తమ్ముడూ, ప్రశాంతంగా ఉంది. మనం దిగాక జనాభా రెట్టింపైనట్టుంది" అన్నాడు.

చిన్నల్లుడు అడుగు వేగం పెంచాడు. లైట్‌హౌస్ చూస్తే మాట మారుతుంది అన్నయ్యా అన్నాడు. వీధి మలుపు తిరగ్గానే అది కనపడింది కూడా. పోయిన ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్ళేసరికి వచ్చిన ప్రాణం వచ్చిన దారినే పోయింది. లైట్‌హౌస్ చుట్టూ కిందనించి పైదాకా పరంజా, ఇనప గొట్టాలు, చెక్కలు, రంగుడబ్బాలు. తలుపుకి తాళం. గుమ్మంలో రంగులేసే పెద్దాయన టిఫిన్ డబ్బా విప్పుకుని భోంచేస్తున్నాడు. పైకి వెళ్ళొచ్చా అని చిన్నల్లుడు సైగ చేస్తే, ఆయన రెండు అరచేతులూ చూపించాడు. తెల్లగా ఉన్నాయి. లోపల మెట్లకి రంగేశారు, తడి ఆరలేదు, కుదరదు అని దానర్థం.

పోన్లే ఇసకుందిగా, ఇసకే చూద్దాం అన్నాడు పెద్దల్లుడు జాలిగా. ఇసకల్లుడు అని వదినగారు గాలికి చెప్పినట్టు మెల్లిగా అంది. అని, నోట్లో ఎలా పలుకుతుందో చూసుకున్నట్టు ఇంకోసారి అంది. చిన్నల్లుడు భార్య వంక చూశాడు, ఆ మహాతల్లి అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఇప్పుడు మావగారు ఒక్కరే మిగిలారు. ఆ ఇంట్లో పేరు ఎవరు పెట్టినా ముద్ర వేసేది ఆయనే. మావగారు గొంతు సవరించుకున్నారు.

"ఉండండి" అంది అత్తగారు.

ఆవిడ తలెత్తి చూస్తోంది. లైట్‌హౌస్‌ని కాదు, పరంజాని. గొట్టం మీద గొట్టం, అడ్డంగా, వరసగా, నున్నగా. పైన మబ్బుతునక లేని ఎండ. సముద్రం మీంచి ఒకటే ఊపున గాలి. ఆవిడ మొహంలోకి వచ్చిన వెలుగు కూతుళ్ళ పెళ్ళిళ్ళలో కూడా ఎవరూ చూసి ఉండరు.

నేరుగా వెళ్ళి రంగులాయన ముందు కూర్చుంది. ఈవిడ మన తెలుగులో, ఆయన వాళ్ళ భాషలో, ఒక్క ముక్క ఒకళ్ళది ఒకళ్ళకి తెలీదు, అయినా సంభాషణ ఎక్కడా ఆగలేదు. నాయనా నువ్వే చెప్పు, కిటికీ లేని గదిలో బట్టలెలా ఆరతాయి అని ఈవిడ మావగారి చొక్కా తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన తింటున్న ముద్ద ఆపేసి, మొహం చిట్లించి, అయ్యో అన్నట్టు తలూపాడు. లేచి, పరంజాలో రంగు తగలని వైపు చూపించాడు. కింద రెండు అంతస్తులే అని వేళ్ళతో చెప్పి, తన హెల్మెట్ తీసి చిన్నల్లుడి నెత్తిన పెట్టాడు.

ఇక చూస్కోండి. చిన్నల్లుడు చెక్కల మీద, అత్తగారు కింద. అల్లుడుగారూ, కాస్త ఎడంగా వేయండి. అల్లుడుగారూ, ఆ చొక్కా తిరగేసి వేయండి, రంగు పోతుంది. అల్లుడుగారూ, శ్రమ అనుకోకపోతే ఆ క్లిప్పు ఇటు పెట్టండి. మర్యాదకి మర్యాదే, పనికి పనే. పెద్దల్లుడు సాయం చేయబోతే, అయ్యో మీరు నీడలో కూర్చోండి అని మంగలి షాపునించి కుర్చీ తెప్పించింది, ఆ ఒక్క కుర్చీనే. కాసేపటికి లైట్‌హౌస్ నడుముకి ఎర్ర తువ్వాళ్ళు, పసుపు చుడీదార్లు, మావగారి గళ్ళ లుంగీ, అన్నిటికీ పైన అత్తగారి ఆకుపచ్చ చీర. ఊరు చూట్టానికి దిగి ఏం చూడాలో తెలీక తిరుగుతున్న ఓడ జనమంతా వచ్చి ఫోటోలు తీసుకోవడం మొదలెట్టారు, ఇక్కడ ఇదే కాబోలు చూసేదని. ఓ ముసలి జంటైతే విషయం కనిపెట్టి, సంచీలోంచి తమ తడి ఈతబట్టలు తీసి సిగ్గుపడుతూ అత్తగారి చేతిలో పెట్టారు. ఆవిడ పిండి, దులిపి, పైకి అందించింది.

అప్పుడు మోగింది ఓడ హారన్. పొడుగ్గా ఒకసారి, మళ్ళీ ఒకసారి.

అంతే, ఓడ వెళ్ళిపోతోందన్నారెవరో. ఫోటోల జనం రేవు వైపు పరుగు. వదినగారు ఓ పక్క లాగుతుంటే మావగారు ఇంకో పక్క లుంగీ పట్టుకుని, అదొక్కటీ ఉండనివ్వండి నేను తీస్తా అని పట్టుదల. చిన్నల్లుడు క్లిప్పులు నోట్లో పెట్టుకుని పైకెక్కి చీర తీయబోయాడు. ఒక కొస ఊడింది. ఆ సందు కోసమే కాచుక్కూర్చున్నట్టు గాలి చీరలో దూరింది. చీర తెరచాపలా పొంగి, రెండో కొస కూడా పుటుక్కున ఊడి, గాల్లోకి లేచింది.

"ఒరేయ్, పట్టుకోరా! వదిలావంటే చంపేస్తా!" అని కింద నించి కేక.

పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడో అతనికీ తెలీదు. చెక్కల మీద లైట్‌హౌస్ చుట్టూ సగం పరిగెత్తి, చీర కొస దొరకబుచ్చుకుని, అది తిరిగొచ్చి మొహానికి చుట్టుకుంటే గొట్టాన్ని కావలించుకుని నిలబడ్డాడు. ఒక్క క్షణం లోకమంతా ఆకుపచ్చ. మెల్లిగా చీర కిందికి లాక్కుంటే ఎదురుగా ఇసక కొండలు, ఒకదాన్ని తోసుకుంటూ ఒకటి, సముద్రంలోకి దిగిపోతూ. అచ్చం ఫోటోలో లాగే. కాదు, ఇంకా బావుంది. అబ్బ అనబోయాడు, నోట్లో క్లిప్పులున్నాయి.

"దిగరా, చూసింది చాలు" అని వినపడింది.

దిగాడు. కింద ఎవరూ కదలడం లేదు. అత్తగారు నాలిక్కరుచుకుని నిలబడి ఉంది, మావగారు కళ్ళజోడు తీసేశారు. ఆ ఇంట్లో అల్లుణ్ణి ఒరేయ్ అనడం చరిత్రలో లేదు. పెద్దల్లుడైతే ఓసారి మెట్ల మీంచి దొర్లిపోతుంటే కూడా, పడిపోతున్నట్టున్నారండీ, చూసుకోండి అనే అంది ఆవిడ.

ఎవరేమనేవాళ్ళో కానీ, ఇంతలో ఓడ ఆఫీసరు ఒకాయన రొప్పుతూ వచ్చి, ఈ లైట్‌హౌస్ తాలూకు ఎవరు అని అడిగాడు. ఓడ ఎక్కడికీ వెళ్ళట్లేదట, సాయంత్రం దాకా ఇక్కడే. ఓడలవాళ్ళు రంగు జెండాలతో మాట్లాడుకుంటారు కదా, బైనాక్యులర్స్‌లో చూస్తే లైట్‌హౌస్ మీద ఎరుపు, పసుపు, గళ్ళు, ఆకుపచ్చ వరసగా ఎగురుతున్నాయట. ఊరేదో చెబుతోంది, ఏం చెబుతోందో పుస్తకమంతా తిరగేసినా దొరకలేదట. సరిగ్గా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి అని హారన్ కొట్టారట. అత్తగారు ఆయన్ని పైనించి కిందిదాకా చూసి, గదులకి కిటికీలు పెట్టించమంటోంది నాయనా అంది. చిన్నమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది, ఒక్క అక్షరం తగ్గించకుండా.

బట్టలన్నీ మళ్ళీ ఎక్కాయి. ఎండ దిగేవేళకి పెళపెళలాడుతూ దిగాయి. మావగారు తన చొక్కా మొహానికి పెట్టుకుని అలా ఊపిరి పీలుస్తూ చాలాసేపు ఉండిపోయారు. వదినగారు కూడా తన చున్నీ వాసన చూసి, ఎవరూ చూడట్లేదనుకుని ఇంకోసారి చూసింది. అత్తగారు చీర మడత పెట్టబోతూ, అల్లుడుగారూ ఆ కొస కాస్త అని మొదలెట్టి, ఆగి, "సర్లే, పట్టుకోరా" అంది.

పెద్దల్లుడికి ఊరుకోబుద్ధి కాలేదు. మావయ్యగారూ, ఇందాక ఏదో పేరు అనుకుంటున్నాం కదా అని గుర్తుచేశాడు.

"వాడికి మళ్ళీ పేరెందుకయ్యా" అన్నారు మావగారు చొక్కాలోంచి. "ఒరేయ్ అంటే పలుకుతున్నాడుగా."

చిన్నల్లుడు మోసుకొచ్చిన సంచీయే తిరిగి మోశాడు. ఇప్పుడది దూదిమూటలా ఉంది.

ఓడ కదిలాక పెద్దల్లుడు అత్తగారి కేబిన్ తలుపు కొట్టాడు. చేతిలో చొక్కా, దాన్నించి నేల మీదికి ధారగా నీళ్ళు. పంపు కింద పెట్టి తడిపి తెచ్చాడని ఎవరికైనా తెలిసిపోతుంది, ఇస్త్రీ మడతలు అలాగే ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఇదెక్కడ ఆరేద్దాం? ఎక్కడికి ఎక్కమన్నా ఎక్కుతాను" అన్నాడు.

"అయ్యయ్యో, మీకెందుకండీ ఈ శ్రమ? మీరు కూర్చోండి" అని అత్తగారు చొక్కా అందుకుని, ఆయనకి కుర్చీ జరిపి, తలుపులోంచి తల బయటపెట్టింది.

"ఒరేయ్ చిన్నా, ఇలా రా!"

పెద్దల్లుడు కూర్చున్నాడు.