లైన్లో ఉంటారా?

పరశురాం సేటు దుకాణంలో స్నేహలతకూ మహేష్‌కూ పడదు. ఒకరు లోపలికి వస్తే ఇంకొకరికి బయట ఏదో పని గుర్తొస్తుంది.

నల్లగొండలో బోరు మోటార్లు అమ్మి, కాలిపోతే బాగుచేయించే దుకాణం అది. తొమ్మిదేళ్లుగా అక్కడ ఫోన్ ఎత్తేది స్నేహలతే. కట్టంగూర్ నుంచి హాలియా దాకా ఎవరి మోటారు ఆగినా మొదటి తిట్టు ఆమెకే. మహేష్ సేటుగారి అల్లుడు. వచ్చీ రాగానే కుర్చీలు మార్పించాడు, బోర్డు మార్పించాడు, ఇప్పుడు ఫోన్ల మీద పడ్డాడు.

పాత ఫోన్లతో పని సాగడం లేదన్నది నిజమే. ఒక రైతు మాట్లాడుతుంటే మిగతా అందరికీ బిజీ అని వస్తుంది. కొత్త ఏర్పాటు కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఏది కావాలన్న దగ్గరే అగ్గి రాజుకుంది.

స్నేహలత అడిగింది కంప్యూటర్ మీద నడిచేది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక మనిషి కూర్చోవాలి. ఏ కాల్ ఏ మెకానిక్‌కు పోవాలో తెర మీద చూసి పంపాలి. అది కొంటే నడిపే మనిషికి హైదరాబాదులో శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆ సర్టిఫికెట్ కోసమే ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. చదువు ఇంటర్‌తోనే ఆగింది, వయసు ముప్పై దాటింది. ఈ దుకాణం గడప దాటి ఇంకెక్కడైనా నిలబడాలంటే పేరున్న పని ఒకటి చేతిలో ఉండాలి కదా. మహేష్ అడిగింది మాట్లాడే మిషన్. దానికి అసలు మనిషే అక్కర్లేదు.

"నువ్వు చూస్తున్నది మా ఫోన్ కాదు, నీ తర్వాతి నౌకరి," అన్నాడు మహేష్, మామ ముందరే.

"అవును, నాకు పని నేర్సుకోవాల్నని ఉంది. తప్పా?"

"మా పైసలతోనా?"

"మీ మోటర్లు కాలితే తిట్లు నేను తిన్న. అవి ఎవల పైసలతోని తిన్న?"

సేటు ఇద్దరినీ చూసి అల్లుడి వైపే మొగ్గాడు. మొగ్గక ఏం చేస్తాడు, ఇంట్లో కూతురు ఉంది మరి. "మిషన్ పెట్టి వారం సూద్దాం. నడ్వకపోతే నువ్వు చెప్పిందే తెప్పిస్త," అన్నాడు స్నేహలతతో.

మిషన్ కంపెనీ తరఫున మనస్విని అనే అమ్మాయి వచ్చి అంతా బిగించింది. అచ్చంపేట పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మిషన్ గొంతు మాత్రం ఊరూ పేరూ లేని గొంతు, వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. "మెకానిక్ ఖాళీగా లేరు. దయచేసి లైన్లో ఉంటారా?" అంటుంది. ఉంటామంటే వరుసలో పెడుతుంది. మధ్యలో కాల్ తెగిపోతే సిగ్నల్ పోయిందనుకుని తనే తిరిగి ఫోన్ చేస్తుంది. మహేష్ దాని పక్కన నిలబడి, కొడుకు పద్యం అప్పజెబితే తండ్రి మురిసినట్టు మురిసిపోయాడు.

మొదటి రోజే మిషన్‌కు పిచ్చెక్కింది. వరుస పెరుగుతుందే తప్ప తరగదు. అదేపనిగా తిరిగి ఫోన్లు చేస్తూనే ఉంది. స్నేహలత ఒక్క గంట విని ఎందుకో కనిపెట్టింది.

మన దగ్గర ఫోన్ పెట్టేసేటప్పుడు పోతున్నానని ఎవరూ అనరు. ఆ మాట నోటికి రాదు. "ఉంట మరి" అంటారు. మిషన్ "ఉంటారా?" అనగానే ఇది మనతో అయ్యే పని కాదనుకుని రైతు "సరే, ఉంట బిడ్డా" అని సెలవు తీసుకుని ఫోన్ కట్ చేస్తున్నాడు. లైన్లో ఉంటానన్న మనిషి కాల్ తెగిందని మిషన్ మళ్లీ చేస్తోంది. ఆయన మళ్లీ "ఉంట" అంటున్నాడు. అది మళ్లీ చేస్తోంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. కడుపులో చల్లగా ఉంది. వారం గడిస్తే చాలు, మిషన్ మూట కట్టుకుని పోతుంది, తను హైదరాబాదు బస్సెక్కుతుంది.

వారం గడవకముందే కట్టంగూర్ నుంచి బిక్షమ్మ బస్సెక్కి వచ్చింది. రెండెకరాల రైతు, నోటికి జంకు లేని మనిషి.

"ఎవలదా పొల్ల గొంతు?" అంది గడపలోనే. "తింటాంటే చేస్తాంది, పంటాంటే చేస్తాంది. పెట్టెయ్యవే అంటే ధన్యవాదాలంటది. నా మోటరు కాలె, వరి ఎండవట్టె, మెకానిక్ రాకపాయె. మీ ఇంట్ల ఫోన్లు గిట్లనే మోగిస్తరా?"

సేటు తల పట్టుకున్నాడు. ఆమె వెంట మెకానిక్‌ను పంపి, మనస్వినిని పిలిపించాడు. ఆ పిల్ల వచ్చి తెర చూసి, అన్నీ సిగ్నల్ పోయి తెగిన కాల్సే అంది. మహేష్ స్నేహలత మీదికి తిరిగాడు.

"నువ్వే ఏదో పీకినవ్."

"నేను వైరు గూడ ముట్టలే."

"మరెందుకు గిట్లయితాంది?"

"నాకు తెలుసు."

"తెలిస్తే చెప్పు," అన్నాడు సేటు.

"చెప్ప. చెప్తే మిషన్ నేర్సుకుంటది. నేనేం నేర్సుకుంట? నన్ను ట్రైనింగుకు తోలుతమని మాటియ్యుండ్రి, చెప్త."

"ఉప్పు తిన్న ఇంట్లనే బేరం పెడ్తున్నవా?" మహేష్ పళ్లు కొరికాడు.

"జీతం తిన్న. ఉప్పు మా ఇంట్లదే."

అప్పుడే సేటు జేబులో ఫోన్ మోగింది. ఇంటినుంచి భార్య శ్యామలమ్మ, ఏదో సామాను తెమ్మని. "ఆఁ, తెస్త. సరే, ఉంట మరి," అని ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మనస్విని తల ఎత్తింది. సేటును చూసింది, తెరను చూసింది. ఇంకేమీ అడగకుండా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. మిషన్ అడిగే మాటే మార్చేసింది. ఇకనుంచి ఆగేవాళ్లు ఒకటి నొక్కాలి, అంతే. సాయంత్రానికి వరుస ఖాళీ అయింది, తిరుగు ఫోన్లు ఆగిపోయాయి.

మనస్విని సంచి సర్దుకుంటూ స్నేహలత పక్కన ఆగింది. "అక్కా, నాకు గూడ నౌకరే," అంది మెల్లగా. స్నేహలత ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల మీద కోపం రాలేదని కాదు, బాగానే వచ్చింది. తను గుప్పిట్లో దాచుకున్నది సేటు ఒక్క మాటతో జారవిడిచాడు, ఈ పిల్ల ఏరుకుంది.

"రేపటి సంది గోదాముల పైపులు చూసుకో. జీతం అదే ఉంటది," అన్నాడు సేటు. గొంతులో కోపం కూడా లేదు. అదే ఆమెకు ఎక్కువ మండింది.

"నేను పైపుల కాడికి పోను. అనుభవం సర్టిఫికెట్ రాసియ్యుండ్రి, ఇంకో జాగ చూసుకుంట."

సేటు దుకాణం పేరున్న కాగితం ముందుకు జరుపుకుని పెన్ను తీశాడు. తొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి పేరు రాసి ఆగిపోయాడు. వెతుక్కుంటున్నాడు పాపం, నిజంగానే దొరకడం లేదు.

"ఏం పని చేసినవని రాయాలె?" అన్నాడు.

"ఫోన్ ఎత్తిందని రాయుండ్రి మామా, ఇంకేముంది?" అన్నాడు మహేష్.

స్నేహలత సేటు ముఖంలోకే చూసింది.

"ఎత్తింది, పెట్టింది అని రాయుండ్రి సేటూ. నడుమ ఏం మాట్లాడిందో మీకు తెల్వదు."