ఎలకలు కొరికిన కాలరు

నేను కుట్టుపని నేర్పే మాస్టారిని. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి పట్టుకుని మాస్టారూ మాస్టారూ అంటారేమిటని మా ఆవిడకి ఇప్పటికీ నవ్వే. కానీ పన్నెండేళ్ళుగా ఈ సెంటరులో కత్తెర పట్టడం నేర్పేదీ నేనే, నెలనెలా మార్కులు వేసేదీ నేనే. అందులో నాకో గొప్ప ఉండేది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చెయ్యను. అందరికీ ఒకే గుడ్డ, ఒకే టైము, ఒకే కత్తెర. గోడ మీద బోర్డు కూడా నా చేత్తోనే రాసి తగిలించాను: "పరీక్షలో సొంత పనిముట్లు వాడరాదు." ఎందుకంటే ఒకసారి ఒక మహానుభావుడు ఇంటి దగ్గర కత్తిరించిన ముక్కల్ని పనిముట్ల సంచిలో దాచుకొచ్చాడు.

ఈసారి బ్యాచిలో ఒకావిడ చేరింది. నలభై దాటాయి. పదిహేనేళ్ళు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఉతికి, మోకాళ్ళు మొరాయించాక మానేసింది. ఎడమచేతి వాటం. బ్యాచిలో వాళ్ళంతా "పుర్రచెయ్యక్కా" అని పిలిచేవాళ్ళు, ఆవిడా నవ్వుతూ పలికేది. ఆవిడ ఆడపడుచు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో సూపర్‌వైజరు. కటింగ్ బల్ల దగ్గర ఒక పని ఖాళీ అయితే, వదిన కోసం నెలాఖరు దాకా ఆపిపెట్టింది. అది దక్కాలంటే చివరి పరీక్షలో కటింగుకి ఇరవై అయిదుకి పదిహేను రావాలి. రాకపోతే ఆ పని ఇంకొకరిది.

నా పుస్తకంలో మూడు నెలలుగా ఆవిడ మార్కు తొమ్మిది దాటలేదు.

మిషను ముందు కూర్చుంటే వంక పెట్టడానికి లేదు. కుట్టు స్కేలుతో గీసినట్టు వస్తుంది. కత్తెర పట్టిందా, గుడ్డ అంచంతా పళ్ళు పళ్ళుగా లేస్తుంది. నేనేమో ఆ ముక్కని అందరి ముందూ ఎత్తి పట్టుకునేవాణ్ణి.

"ఇది నువ్వు కత్తిరించావా అమ్మా, ఎలకల చేత కొరికించావా?"

"ఎలకలైతే ఈపాటికి కాలరు మొత్తం అవగొట్టేవి మాస్టారూ," అనేది. అందరూ ఘొల్లుమనేవాళ్ళు. ఆవిడా నవ్వేది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్తే మాత్రం ఒక్కతే కూర్చుని పాత పేపర్లు కత్తిరించుకునేది. కష్టపడుతోంది కదా, అదే వస్తుందిలే అనుకున్నాను. ఎడమచేత్తో కత్తిరిస్తోందని నాకు తెలియక కాదు. చెయ్యి ఏదైతేనేం, కత్తెర కత్తెరే కదా! ముప్పై ఏళ్ళ అనుభవం మరి నాది.

పరీక్ష ఎనిమిది రోజులుందనగా ఇస్త్రీపెట్టె తగిలి నా కుడి బొటనవేలు బొబ్బలెక్కింది. కట్టు కట్టించుకుని ఇంట్లో పడ్డాను. ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. దిండు గలీబుల కోసం మా ఆవిడ తెచ్చుకున్న గుడ్డ కనబడితే, చాక్‌తో గీత గీసి, ఎడమచేత్తో కత్తెర అందుకున్నాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏవండీ, నా గుడ్డని ఏ ఎలక కొరికింది?"

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"బాగుంది! రోజూ ఇంటికొచ్చి ఆ అక్కయ్య కటింగు గురించి చెప్పి చెప్పి నవ్వేది ఎవరు మరి?"

"ఎడమచెయ్యి కదే, అలవాటు లేదు."

"అలవాటు లేకపోతే గీత వంకర పోవాలి. గుడ్డ తెగకుండా మడత పడి బ్లేడుల సందులోకి పోతుందేం?"

కత్తెరని అటు తిప్పాను, ఇటు తిప్పాను. కుడిచేత్తో నొక్కితే రెండు బ్లేడులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఎడమచేత్తో నొక్కితే దూరం జరుగుతాయి. అంతేనా, చాక్ గీత పోయి పై బ్లేడు వెనకాల దాక్కుంటుంది. గీత చూడాలంటే మెడ వంచి అవతలికి ఒరగాలి. ఆవిడ సరిగ్గా అలాగే ఒరిగేది. "నడుం నిలబెట్టమ్మా, పడుకుని కత్తిరిస్తావేం!" అని మూడు నెలలు కసిరాను.

అందరికీ ఒకే కత్తెర అని గొప్పలు పోయాను. అది కుడిచేతి కత్తెర.

చెప్పులేసుకుని, ఆ కత్తెర పట్టుకుని తిన్నగా కత్తెరలకి సాన పట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, దీని బ్లేడులు అటూ ఇటూ మార్చి బిగిస్తే ఎడమచేతికి పనికొస్తుందా?"

"కుడికాలి చెప్పుని తిరగేస్తే ఎడమకాలిది అవుతుందా మాస్టారూ? ఎడమచేతి కత్తెర పుట్టడమే వేరు. తెప్పిస్తాను, అయిదు రోజులు పడుతుంది. ఇన్నేళ్ళుగా నేర్పుతున్నావు, ఇప్పుడా అడగడం?"

ఆ అయిదు రోజులూ నాకు పాత శిష్యుడొకడు గుర్తుకొస్తూనే ఉన్నాడు. ఎనిమిదేళ్ళ కింద ఒక పొడుగాటి మనిషికి "నీకు ఈ పని రాసిపెట్టలేదు నాయనా" అని చెప్పి పంపేశాను. ఏ చేత్తో కత్తిరించేవాడు? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. చూసి ఉంటే కదా గుర్తుండడానికి.

కత్తెర వచ్చింది. ఆవిడ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. నన్ను తిడుతుందేమో అనుకున్నాను. కత్తెర ఆడించి చూసుకుంది.

"అయితే నా చెయ్యి చెడ్డది కాదా మాస్టారూ? చిన్నప్పుడు మా అమ్మ గరిటె తిప్పి కొట్టేది ఈ చేతి మీద."

సినిమాల్లో అయితే ఆ క్షణమే కాలరు తయారవుతుంది. ఇక్కడ కటింగు ఇంకా పాడైంది! ఇన్నాళ్ళూ కుడిచేతి కత్తెరతో పోట్లాడిన చెయ్యి, ఇప్పుడు పోట్లాట లేకపోయినా పక్కకి తోస్తూనే ఉంది. పరీక్ష మూడు రోజుల్లో. నా కట్టు చేత్తో పక్కన కూర్చుని ఒకటే మాట చెప్పాను, "తొయ్యకమ్మా, వదిలెయ్, అదే పోతుంది." పాత పేపర్లు గుట్టలు పడ్డాయి. మూడో రోజు సాయంత్రానికి గీత మీద నడిచింది కత్తెర.

పరీక్ష రోజు బయటి నుంచి పరీక్షకురాలు వచ్చింది. కళ్ళజోడు, గట్టి మనిషి. ఎడమచేతి కత్తెర చూడగానే బోర్డు వైపు వేలు చూపించింది.

"సొంత పనిముట్లు వాడరాదు. ఎవరు రాశారిది?"

"నేనేనండి."

"మరి మీ రూలు మీరే తప్పితే ఎలా?"

నా రూలు నా మెడకే చుట్టుకుంది. బల్ల మీద ఒక ముక్క పరిచి గీత గీశాను.

"అమ్మా, తమరు ఈ ఎడమచేతి కత్తెరని కుడిచేత్తో పట్టి ఈ గీత వెంట ఒక్క జానెడు కత్తిరించండి. తర్వాత తమరి ఇష్టం."

"నాకు పరీక్షా?" అంది గానీ, కత్తెర తీసుకుంది. నాలుగు వేళ్ళ దూరం పోయేసరికి గుడ్డ మడత పడింది. మెడ వంచింది. అవతలికి ఒరిగింది. ఇంకో రెండుసార్లు కత్తెర ఆడించి ఆపేసింది.

వెనకనించి ఎవరో గొణిగారు, "ఎలకలు." క్లాసు మొత్తం నోళ్ళు మూసుకుని నవ్వు ఆపుకుంది.

పరీక్షకురాలు ఆ ముక్కని కళ్ళజోడు మీదనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూసుకుంది. కత్తెర పుర్రచెయ్యక్కకి ఇచ్చింది.

"కానివ్వండి. టైము మాత్రం అందరికీ అంతే."

ఆవిడ కాలరు కత్తిరిస్తుంటే చూశాను. నడుం నిలబడి ఉంది. మెడ తిన్నగా ఉంది. కరకరమని ఒకటే చప్పుడు, ఎక్కడా ఆగకుండా. ముప్పై ఏళ్ళుగా ఎన్నో కాలర్లు కత్తిరించాను, ఏనాడూ నా ఛాతీ అంత పొంగలేదు.

కటింగుకి పందొమ్మిది వచ్చింది, కార్ఖానా పనికి కావలసిన పదిహేను కంటే నాలుగు ఎక్కువే. ఫస్టు రాలేదు, ఫస్టు ఇంకో అమ్మాయిది. బోర్డు దించి, ఆ రూలు కొట్టేసి, "చేతికి తగ్గ కత్తెర అడిగి తీసుకోవాలి" అని రాస్తుంటే ఆవిడ మార్కుల కాగితం పట్టుకొచ్చింది.

"పందొమ్మిదేనా మాస్టారూ? ఆరెక్కడ పోయాయి?"

"రెండు టైముకి పోయాయి. నాలుగు ఇదిగో, ఈ కొస రెండోదానికంటే నూలుపోగు మందం ఎక్కువైంది. ఇది కత్తెర తప్పు కాదమ్మా, నీ తప్పే."

ఆవిడ కొసల్ని రెంటినీ కలిపి పట్టుకుని వెలుతురులో చూసుకుంది. మొహం వెలిగిపోయింది.

"అవును మాస్టారూ, నాదే," అంది. "రేపు సరిచేసుకుంటాను."