అలిగి వెళ్లినవాళ్ల కుర్చీలు

సంయుక్త గుత్తివంకాయలకు కారం కూరుతుంటే దశరథ్ వంటింటి తలుపుకు ఆనుకుని నిలబడి ముస్సోలినీ గురించి పాఠం మొదలుపెట్టాడు.

"గవన్నీ పక్కన పెట్టు సంయూ. ఎన్నన్నా అను, మనిషి రైళ్లను టైముకు నడిపిచ్చిండు. ఇక్కడ మనం మ్యూనిక్ పోవాలంటే దేవునికి మొక్కుకోవాలె."

ఆమె నవ్వింది. పెళ్లయి నాలుగు నెలలు. అతను ఏమన్నా ఇంకా నవ్వే వస్తోంది. ఆ మాటకొస్తే జర్మనీలోని ఈ ఎర్లాంగెన్ ఊళ్లో ఆమెకు అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. టర్కీవాళ్ల దుకాణంలో బొటనవేలంత వంకాయలు దొరకడం, బేకరీ ఆవిడ పాట పాడినట్టు 'చూస్' అని సాగనంపడం, ముందు బుట్ట ఉన్న పసుపుపచ్చ సైకిలు అచ్చంగా తనదే కావడం. రోడ్డు మీద ఎవరూ లేకపోయినా గంట కొట్టుకుంటూ పోతుంది. అంత సంబరంలో ఉన్న మనిషికి చిన్న చిన్న ముళ్లు గుచ్చుకున్నట్టు తెలియదు. తెలిసినా, ముళ్లు లేని గులాబీ ఉంటుందా అని తనకు తనే సర్దిచెప్పుకుంటుంది.

ఆమె హనుమకొండలో చరిత్రలో ఎం.ఏ. చేసింది. రెండేళ్లు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పింది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఐరోపా ఆమె చెప్పిన పేపరే. దశరథ్ చదివింది ఎలక్ట్రానిక్స్. అయినా ఈ ఇంట్లో పాఠాలు చెప్పేది మాత్రం అతనే.

సాయంత్రం జర్మన్ క్లాసులో ఒక్కొక్కరూ తమకు బాగా తెలిసిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడాలి. సిరియా నుంచి వచ్చిన పెద్దాయన ఆలివ్ నూనె గురించి చెప్పాడు. సంయుక్త ముస్సోలినీని ఎంచుకుంది, ఎలా ఎక్కాడు, ఎలా పడ్డాడు అని. టీచర్ హైడ్రున్ కళ్లు పెద్దవి చేసి, న్యూరెంబర్గ్ మ్యూజియంలో సందర్శకులకు ఇంగ్లిష్‌లో వివరించేవాళ్లు కావాలని తన స్నేహితురాలు వెతుకుతోందనీ, గురువారం ఆమెనూ వినడానికి రమ్మంటాననీ చెప్పింది. ఆ రోజు సంయుక్త ఇంటికి సైకిలు తొక్కలేదు, తేలుతూ వచ్చింది. మళ్లీ నలుగురి ముందు నిలబడి చరిత్ర చెప్పడం! అందుకు జీతం కూడానట!

ఆదివారం మధ్యాహ్నం విక్రాంత్, అతని భార్య కావ్యశ్రీ భోజనానికి వచ్చారు. విక్రాంత్ దశరథ్‌తో పాటే పనిచేస్తాడు. కావ్యశ్రీ ఇండియాలో పళ్ల డాక్టరు, ఇక్కడ మూడేళ్లుగా ఇంట్లోనే.

"వదినా, గురువారం స్పీచంట గద. దేనిమీద?" అన్నాడు విక్రాంత్.

ఆమె నోరు తెరిచేలోపే దశరథ్ అందుకున్నాడు. "ముస్సోలినీ మీద. నల్లచొక్కాలోళ్లను ఏసుకొని రోమ్ మీదికి నడుచుకుంట పోయి కుర్చీ గుంజుకున్నడు గద, గా కథ."

"నడిచి పోలేదు," అంది సంయుక్త పప్పు వడ్డిస్తూ. "మిలాన్‌లో రైలెక్కి పడుకుని పొద్దున రోమ్‌లో దిగాడు. కుర్చీ ఎవరూ గుంజుకోలేదు. రాజే పిలిచి ఇచ్చాడు. ఇక రైళ్లంటావా, రైలు ఆలస్యమైందని రాసే పత్రిక మిగలకపోతే ప్రతి రైలూ టైముకే వస్తుంది."

కావ్యశ్రీ ఫక్కున నవ్వింది. దశరథ్ కూడా నవ్వాడు, కానీ సగమే. "అబ్బో, మేడమ్ గారూ! ముందుగాల చారు వేడి చేస్కరా. రోమ్ సంగతి తర్వాత చూద్దాం."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే చారుగిన్నె తీసుకుని లేచింది. స్టవ్ దగ్గరకు వచ్చాక గానీ ముఖం మీద ఆ నవ్వు ఇంకా ఉందని తెలియలేదు. దాన్ని చేత్తో తుడిచేసుకుంది.

మర్నాడు అత్తగారు శారదాదేవి వీడియోలో కనిపించింది. "నీకేం బిడ్డా, మావాడు నిన్ను పూలల్ల పెట్టి చూస్కుంటుండు. నీకు ఏ రంది లేకుంట అన్నీ వాడే చేస్తడు."

నిజమే. అన్నీ అతనే చేస్తాడు. వీసా కాగితాలు అతనే నింపాడు, ఊళ్లో పేరు నమోదు చేయించడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అతనే తీశాడు, బ్యాంకుకు అతనే మాట్లాడాడు. జర్మన్ క్లాసులో చేర్పించినప్పుడు ఆమె ఫోన్ నంబరు ఇవ్వాల్సిన చోట తన నంబరే ఇచ్చాడు, "నీకు వాళ్ల మాట సమజ్ కాదు గద" అంటూ. అప్పుడు ఆమెకు అది ఎంత తియ్యగా తోచిందో! నాన్న ఏనాడైనా అమ్మకోసం ఒక్క క్యూలో నిలబడ్డాడా? ఇంత చేసే మనిషిని పట్టుకుని నా నంబరు నాకుండాలి అనడం కృతఘ్నతలా అనిపించి ఊరుకుంది. ఇటలీ పార్లమెంటు కూడా అంతే కదా. కొత్త ప్రధాని ఒక్క ఏడాది పాటు అన్ని అధికారాలూ నాకివ్వండి, చక్కబెడతాను అంటే సభ్యులు చేతులెత్తి ఇచ్చేశారు. ఎంత పనిమంతుడో అనుకున్నారు. అంట్లు తోముతూ ఈ పోలిక తోచినప్పుడు సంయుక్త ఉలిక్కిపడింది. ఛ, ఎవరితో ఎవరిని పోలుస్తున్నాను! దశరథ్ చీమను కూడా కాగితం మీదికి ఎక్కించి బయట వదిలే మనిషి. తనకు కాళ్లు నొప్పి పెడితే పాదాలు నొక్కే మనిషి. తల విదిలించుకుని జర్మన్ వాక్యాలు వల్లెవేసుకుంది. కానీ చేతిలో స్క్రబ్బర్ ముందుకంటే గట్టిగా తిరుగుతోంది.

బుధవారం సాయంత్రం అతను హుషారుగా ఇంటికి వచ్చాడు.

"సంయూ, రేపు మా టీమ్ లీడ్, ఆమె హస్బెండ్ డిన్నర్‌కొస్తున్నరు. ఎంత షార్ప్ ఆడమనిషనుకున్నవ్! ఎల్లుండి లీవ్ మీద పోతది, రేపొక్కటే కుదిరింది. నువ్వు బిర్యానీ చేస్తే చాలు."

"రేపు నా క్లాసు కదా?"

"అది నేను చూస్కున్న. నీకు జెరమొచ్చిందని ఫోన్ చేసి చెప్పిన. నీ ప్లేస్‌ల ఇంకెవరో మాట్లాడుతరట."

"నన్ను అడగకుండానా?"

"అడిగితే టెన్షన్ పడుతవని. ఇంకో బ్యాచ్‌ల చెప్పుకోవచ్చు సంయూ. ముస్సోలినీ ఏడికి పోతడు, సచ్చి ఎన్నేండ్లయింది!" తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

"ఆ మ్యూజియం ఆవిడ వస్తోంది నాకోసం."

"గామె కూడ ఏడికి పోదు."

సంయుక్త పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అరవాలని ఉంది, కానీ ఇంత మంచివాడి మీద ఎలా అరవాలో తెలియదు. తలుపు అవతల నుంచి అతని గొంతు వినిపించింది. "అలిగినవా? అలిగితె మస్తు ముద్దొస్తవ్ తెలుసా." తరవాత పిజ్జా ఆర్డరిచ్చాడు. పెళ్లిలో అతను అలకపాన్పు మీద కూర్చుని మూతి ముడిచినప్పుడు అతనికి నాన్న కెమెరా తెచ్చిచ్చాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు తను అలిగితే పిజ్జా వచ్చింది. అదీ అతనికిష్టమైన పిజ్జా.

పొద్దున అతను ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆమె పలకలేదు. అతను బుగ్గ గిల్లి వెళ్లాడు. ఆమె మూతి ముడుచుకునే కోడిముక్కలకు పెరుగూ మసాలా పట్టించింది, ఉల్లిపాయలు తరిగింది, మూతి ముడుచుకునే వేయించడం మొదలుపెట్టింది. ఎలాగూ చెప్పని ప్రసంగం అలవాటు కొద్దీ నోట్లో ఆడుతూనే ఉంది. పంతొమ్మిది వందల ఇరవై నాలుగు దగ్గరకు వచ్చింది. ఎన్నికల్లో దౌర్జన్యం జరిగిందని సభలో లేచి మాట్లాడిన ప్రతిపక్ష సభ్యుణ్ణి ముస్సోలినీ మనుషులు ఎత్తుకుపోయి చంపేశారు. దేశం అట్టుడికింది. ఆ ఒక్కసారే ముస్సోలినీ కుర్చీ నిజంగా ఊగింది. అప్పుడు ప్రతిపక్షం వాళ్లు ఏం చేశారు? మేమీ సభలో కూర్చోం అని లేచి వెళ్లిపోయారు. మా మౌనం చూసి రాజు సిగ్గుపడతాడు, ఆయనే దింపేస్తాడు అని ఎదురుచూశారు. రాజు కదల్లేదు. ముస్సోలినీకి ఖాళీ బెంచీలు హాయిగా ఉన్నాయి. రెండేళ్లకు తిరిగి వద్దామనుకునేసరికి వాళ్ల కుర్చీలు లేవు.

గరిటె ఆగిపోయింది. డిగ్రీ పిల్లలకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పిందో! వాళ్లు అంత తెలివితక్కువ పని ఎలా చేశారు మేడమ్ అని ఒక అమ్మాయి అడిగితే, అది వ్యూహాత్మక తప్పిదం అని నోట్స్ చెప్పింది. అది అలక అని ఆమెకు ఇప్పుడు తెలిసింది. తన మీద ప్రేమ ఉందనుకున్నవాడి మనసు కరుగుతుందని గోడవైపు తిరిగి పడుకోవడం. అవతలివాడు దుప్పటి కప్పి, లైటు తీసి, తన పని తను చూసుకోవడం.

ముస్సోలినీ పడిపోవడం కూడా ఒక్క దెబ్బతో కాలేదు. ఇరవై ఏళ్లు తల ఊపిన సొంత మండలిలోనే చివరికి అతనికి వ్యతిరేకంగా చేతులు లేచాయి, రాజు పిలిచి ఇక చాలన్నాడు, బంధించారు. జర్మన్లు వచ్చి విడిపించి మళ్లీ గద్దెనెక్కించారు. అసలు ముగింపుకు ఇంకా రెండేళ్ల దాకా పట్టింది. తనకూ ఒక్క రోజుతో అయ్యే పని కాదు. అయినా ఎక్కడో ఒకచోట చెయ్యి లేవాలి.

ఉల్లిపాయలు మాడకముందే స్టవ్ ఆపింది. చికెన్ ఫ్రిజ్‌లో పెట్టింది. స్నానం చేసి, నీలం కాటన్ చీర కట్టుకుని, సాయంత్రం దాకా అద్దం ముందు నిలబడి ప్రసంగం సాధన చేసింది. పైన చలికోటు వేసుకుని బయల్దేరుతూ దశరథ్‌కు మెసేజ్ పెట్టింది. 'చికెన్ ఫ్రిజ్‌లో ఉంది. ఉల్లిపాయలు వేగాయి. బియ్యం నానబెట్టుకో. నేను క్లాసుకు వెళ్తున్నా.'

సైకిలు తాళం తీస్తుండగానే ఫోన్ మోగింది.

"సంయూ, జోకా? వాళ్లు ఆరింటికే వస్తరు! ఇంకా అలకేనా? సరే తల్లీ, సారీ. ఏం కావాల్నో చెప్పు, కొనిస్త."

"అలగలేదు దశరథ్. అలిగితే ఇంట్లోనే ఉండేదాన్ని."

"మరి వాళ్లకు నేనేం చెప్పాలె?"

"నా భార్య క్లాసుకు పోయింది అని చెప్పు. మీ టీమ్ లీడ్‌కు అర్థమవుతుంది."

అతనికి నిజంగానే ఇదంతా కొత్తని ఆమెకు అర్థమైంది. జాలి కూడా వేసింది. ఆ జాలిని వెంట తీసుకుపోతే చారు వేడి చేయడానికి వెనక్కి రావాల్సి వస్తుందని తెలిసి, ఫోన్ పెట్టేసి పెడల్ తొక్కింది.

క్లాసులో బ్రెజిల్ అమ్మాయి లూసియానా అప్పటికే బోర్డు దగ్గర నిలబడి ఉంది. వెనక వరసలో నెరిసిన జుట్టున్న ఒకావిడ కోటు విప్పకుండానే కూర్చుంది, వచ్చిన పని లేదని తెలిసి లేచి వెళ్లబోతున్నట్టు. సంయుక్తను చూడగానే లూసియానా చేతిలోని సుద్దముక్క ఆమెకు ఇచ్చేసి, బతికిపోయినట్టు వచ్చి తన చోట కూర్చుంది.

"జ్వరమని మీ భర్త ఫోన్ చేశారే! తగ్గిందా?" అంది హైడ్రున్ ఆందోళనగా.

అవునంటే సరిపోతుంది. పొద్దుటికి తగ్గిందంటే అందరి మర్యాదా నిలబడుతుంది. సంయుక్త బల్ల ముందుకు వెళ్లి, అందరి వైపూ తిరిగి, వచ్చీరాని జర్మన్‌లో మెల్లగా ఒక్కో మాటే కూర్చుకుంటూ చెప్పింది.

"నాకు జ్వరం రాలేదు. ఆ మాట నాది కాదు. ఇకమీదట నా సంగతి నన్నే అడగండి."