పాల సంఘంలో డ్యాష్‌బోర్డు

హైదరాబాదులో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చిన మనిషి తిరిగొచ్చి తన పని తాను చూసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ప్రభుదాస్‌కు అది చేతకాలేదు.

అతను జనగామలో మూడు జిల్లాల పాల సంఘానికి మేనేజరు. సంఘానికి మూడు పాల సెంటర్లున్నాయి. జనగామది శోభారాణి, మహబూబాబాద్‌ది ఐలేశ్, భూపాలపల్లిది సారయ్య చూసుకుంటారు. ఊళ్ల నుంచి వచ్చిన పాలు కొలిచి, ఫ్యాట్ చూసి, చల్లబరిచి ట్యాంకరెక్కించడం వాళ్ల పని. అందరి మీదా అధ్యక్షురాలు చంద్రమ్మ. ఆమెది స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. నడక చూసి బర్రె ఎప్పుడు ఈనుతుందో చెప్పగలదు. మాట విని మనిషికి ఎంత తెలియదో కూడా చెప్పేస్తుందేమోనని ప్రభుదాస్‌కు ఎప్పుడూ లోలోపల బెదురే.

ఆ రోజు కమిటీ మీటింగుకు పట్నం నుంచి బూట్లేసుకుని ఒక కంపెనీ మనిషి వచ్చాడు. గోడకు టీవీ తగిలించి, మూడు సెంటర్ల పాల లెక్కలు రంగురంగుల బొమ్మల్లో చూపిస్తానన్నాడు. దాన్ని డ్యాష్‌బోర్డు అంటారన్నాడు. చూసే మనిషికింతని నెలనెలా కట్టాలన్నాడు.

"చూసినందుకు గూడ కిరాయేనా?" అంది చంద్రమ్మ. "మా బర్ల పాలు మేం చూసుకోనీకి నీకెందుకు కట్టాలె బిడ్డా?"

కంపెనీ మనిషి నవ్వబోయి ఆగిపోయాడు. అక్కడ ఆగితే బాగుండేది. ప్రభుదాస్ గొంతు సవరించుకున్నాడు.

"గివన్ని ఎందుకక్కా? ఓపెన్ సోర్స్‌ది పెట్టుకోవచ్చు. సెల్ఫ్ హోస్టెడ్."

శిక్షణలో ఈ మాటలు వచ్చిన సమయానికి అతను భోజనం చేసి కునికిపాట్లు పడుతున్నాడు. మిగతా ఉపన్యాసమంతా గాలికి పోయి, ఈ రెండు మాటలే చెవిలో చిక్కుకున్నాయి. కానీ కంపెనీ మనిషి చటుక్కున తలెత్తి అతన్ని గౌరవంగా చూశాడు. ప్రభుదాస్‌ను ముంచింది ఆ చూపే.

"అంటే ఏంది సారూ?" అంది చంద్రమ్మ.

"అంటే... ఫుకట్ అక్కా, పైసా కట్టేది లేదు. మన కంప్యూటర్ల మనమే పెట్టుకుంటం. మన లెక్కలు మన గడప దాటవు."

"ఫుకట్‌ల ఇచ్చేటోడు ఎందుకిస్తడు?"

భూపాలపల్లి సారయ్య అందుకున్నాడు. "మా కాడ పిల్లి పిల్లను గూడ ఫుకట్‌ల ఇయ్యరు."

"నలుగురు కలిసి తయారుచేస్తరు," అన్నాడు ప్రభుదాస్ గాల్లో దీపం పెట్టినట్టు. "చేసి, అందరికి ఇడిచిపెడ్తరు. తప్పు కనవడితే ఎవరైన దిద్దొచ్చు."

చంద్రమ్మ కాసేపు ఆలోచించింది. "దేవుని పేరు మీద ఇడిచిన దున్నపోతు లెక్కన అన్నట్టు. ఊరందరి బర్లకు పనికొస్తది. మేత మాత్రం ఎవరో ఒకరు ఎయ్యాలె."

"అదే అక్కా, అదే!" అన్నాడు ప్రభుదాస్, తనకే ఇప్పుడు అర్థమై.

"అయితే మేత నువ్వే ఎయ్యి. మంచిది చూసి పట్టుకరా."

కంపెనీ మనిషి టీ తాగి వెళ్లిపోయాడు. వెళ్తూ ప్రభుదాస్ చేతిని గట్టిగా ఊపాడు. ఆ ఊపడంలో కొంచెం జాలి ఉన్నట్టు ప్రభుదాస్‌కు తర్వాత అనిపించింది.

ఇంటికెళ్లి ఫోనులో వెతికితే దున్నపోతులు మందలు మందలుగా కనిపించాయి. ప్రతి ఒక్కటీ తానే మంచిదంటుంది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే ఇతను బైబిల్లో ఫోను పెట్టుకుని ఆ సాఫ్ట్‌వేర్ల గురించే చదువుతున్నాడు. భార్య శైలజ తొడ మీద గిల్లింది.

"ఏం అధ్యాయమది? వేలుతోని పైకి కిందికి జరుపుతున్నవు?"

"సంఘం పనే," అన్నాడు గుసగుసగా.

"ఏ సంఘం?" అంది శైలజ. పాస్టరుగారు ఇటు చూసేసరికి ఇద్దరూ కలిసి ఆమెన్ అన్నారు.

చివరికి మూడింటిని ఏరాడు. ఆఫీసులో మూలనున్న కంప్యూటర్లో ఒక్కొక్కటే ఎక్కించి చూద్దామనుకున్నాడు. "ఈ ఒక్క వరుస టైపు చేస్తే చాలు" అని ఉంది. చేశాడు. తెర నిండా ఎర్రక్షరాలు వచ్చాయి. ఒక గీత తక్కువైందని పెట్టాడు. ఇంకా ఎక్కువ ఎర్రక్షరాలొచ్చాయి. సర్వీసంతా సంతకాలు పెట్టిన వేళ్లు, ఒక చుక్క కోసం, ఒక ఖాళీ కోసం తడుముకున్నాయి. అడుగుదామంటే ఎవరినీ అడగలేడు. ఓపెన్ సోర్స్ అన్న నోటితో "ఇదెట్ల చేస్తరు?" అని ఎలా అంటాడు? తలుపు దగ్గరికేసుకుని, లోకంలో ఎవరెవరో తనలాగే ఏడ్చి రాసుకున్న ప్రశ్నలు, వాటికి వచ్చిన జవాబులు చదువుకుంటూ, మెల్లమెల్లగా నేర్చుకున్నాడు. మొదటిది తెరుచుకున్న రోజున ఒక్కడే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

ఈలోగా కంప్యూటరు ఎక్కడ ఉండాలన్న పంచాయితీ మొదలైంది. ఆఫీసులో కరెంటు పోతే డ్యాష్‌బోర్డు కూడా పోతుంది.

"కరెంటు పుట్టేదే మా కాడి ప్లాంట్ల," అన్నాడు సారయ్య ఫోనులో. "కంప్యూటర్ భూపాలపల్లికి తోలున్రి."

"నీ దగ్గర పుట్టి మా దగ్గరికొస్తది గని, నీ దగ్గర ఉంటదా?" అంది శోభారాణి.

చంద్రమ్మ తేల్చేసింది. "పాలు ఇరగకుంట జనరేటర్ పెట్టుకున్నం గద. పాల కాడ్నే పెట్టున్రి."

నిజమే. జనగామ సెంటర్లో ఎప్పుడూ కరెంటుంటుంది. కంప్యూటరును చల్లగా ఉంచాలని కూడా ప్రభుదాస్ ఎక్కడో చదివాడు. సెంటర్లో అన్నిటికన్నా చల్లనిది పాల ట్యాంకు గది. తీసుకెళ్లి అక్కడే పెట్టించి, తన తెలివికి తానే మురిసిపోయాడు. మర్నాడు పొద్దున్నే శోభారాణి ఫోను చేసింది.

"అన్నా, నీ కంప్యూటర్‌కు పడిశం పట్టింది. ముక్కు కారుతున్నది."

పరుగెత్తుకుని వెళ్తే డబ్బా నిండా చెమట. చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. దాన్ని విప్పి, దాణా బస్తా పరిచి ఎండలో ఆరబెట్టారు. పాలు పోయడానికొచ్చిన పుష్పమ్మ అనే ముసలమ్మ కాసేపు నిలబడి చూసి, "ఒడియాలా బిడ్డా?" అని అడిగింది. ప్రభుదాస్ తల ఊపాడు. సాయంత్రానికి ఆరి, దేవుడి దయవల్ల మళ్లీ మొదలైంది. పక్క గదిలో, ఫ్యాను కింద, దానికి స్థానం కుదిరింది.

జనగామ సెంటర్లోనే కమిటీ ముందు మూడూ చూపించే రోజు వచ్చింది. మొదటిది పేరుమోసినదే గానీ మన పాత డబ్బా దాన్ని మోయలేకపోయింది. ఒక బొమ్మ అడిగితే లోపల ఫ్యాను వరికోత మిషనులా అరిచింది. ఆ చప్పుడుకు అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. రెండోది బంగారపు బొమ్మలా ఉంది. పటాలు, గుండ్రాలు, కదిలే గీతలు. చంద్రమ్మ కూడా ముందుకు వంగింది. అప్పుడు సారయ్య తెర దగ్గరకు వెళ్లి, చేత్తో చూపిస్తూ నిలబడిపోయాడు.

"ఇదేంది? మా ఊరు ఇరిగిపోయింది."

తెలుగు అక్షరాలు దానికి పడలేదు. భూపాలపల్లిలో 'పల్లి' రెండు ముక్కలై, ఒత్తు ఎక్కడో ఎగిరిపడి ఉంది. జనగామ మాత్రం చెక్కుచెదరలేదు.

"జనగామోళ్లది సక్కగుండి మాది ఎందుకిరగాలె? ఇది జనగామల కూసొని చేసిన పని!"

"ఇంకోటి గూడ ఉన్నది," అన్నాడు ప్రభుదాస్ తొందరగా. "ఇది ఫుకటే గని, ఎవరు ఏం చూడాల్నో మనం కట్టడి చెయ్యాల్నంటే పైసలు కట్టాలె."

"అంటే ఇల్లు ఫుకటు, తానం చేసే గుసల్‌ఖాన తాళంచెవికి పైసలు," అంది శోభారాణి. రెండోది అక్కడితో పోయింది.

మూడోది సాదాసీదాగా ఉంది. అక్షరాలు అచ్చు వేసినట్టు కనిపించాయి. భూపాలపల్లి అతుక్కుంది. సారయ్య శాంతించాడు. ఏ సెంటరుకు ఎన్ని పాలో నిలువు పట్టీల్లో చూపించమని మీట నొక్కాడు ప్రభుదాస్.

చంద్రమ్మ వేలితో లెక్కపెట్టింది. "బర్రెను కట్టేసే గుంజల తీరుగ మంచిగనే ఉన్నయి గని, అయిదున్నయేంది? మనయి మూడే సెంటర్లు గద?"

ప్రభుదాస్ దగ్గరికెళ్లి చదివాడు. జనగామ. భూపాలపల్లి. మహబూబాబాద్. మానుకోట. మ.బాద్.

అందరూ ఐలేశ్ వైపు తిరిగారు.

"ఊర్ల అందరు మానుకోట అనే అంటరు," అన్నాడు ఐలేశ్. "పెద్దసార్లొచ్చిన్నాడు పూర్తిగ మహబూబాబాద్ అని రాస్త. ట్యాంకర్ హారన్ కొట్టిన్నాడు అంత రాసే టైముండది."

"ఒక్క మనిషి మూడు గుంజలకు కట్టుకున్నడు," అంది చంద్రమ్మ. కమిటీ అంతా గొల్లున నవ్వింది. ప్రభుదాస్ ఆ వారమంతా కూర్చుని ఐలేశ్ రాసిన పేర్లన్నీ ఒకటి చేశాడు. మూడో సాఫ్ట్‌వేరే ఖాయమైంది.

మూడు సెంటర్లలో టీవీలు పెట్టారు. చంద్రమ్మ ఫోనులోనూ గుంజలు కనిపించాయి. నెల తిరిగేసరికి మీటింగుల్లో ప్రభుదాస్ తలెత్తుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

అయితే అతను ఊహించనిది ఒకటి జరిగింది. ముగ్గురికీ గుంజల పిచ్చి పట్టింది. ఐలేశ్ పొద్దున లేచి ముఖం కడగక ముందే శోభారాణి గుంజ ఎంత ఎత్తుందో చూసేవాడు. ఒక వారం మహబూబాబాద్ అమాంతం పైకి లేచింది. ప్రభుదాస్ సంబరపడి అతనికి ఫోను చేసి మెచ్చుకున్నాడు. మరో వారం జనగామ దాన్ని మించిపోయింది. శోభారాణిని కూడా మెచ్చుకున్నాడు. డ్యాష్‌బోర్డు వచ్చాక పాలు పొంగుతున్నాయని తోచిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ ఊపులో, మొత్తం ఎంత పెరిగిందో చూపిస్తే ఇంకా ఘనంగా ఉంటుందని నాలుగో గుంజ ఒకటి పాతాడు.

అది కదలలేదు. ఒక వారం చూశాడు, ఇంకో వారం చూశాడు. పక్క గుంజలు ఎగురుతున్నాయి, దూకుతున్నాయి. నాలుగోది మాత్రం పొలిమేర రాయిలా ఉన్నచోటే ఉంది. తానే ఏదో తప్పు చేశానేమోనని లెక్క తిరగేసి మరగేసి చూశాడు. తప్పు లేదు. దాన్ని తీసేద్దామా అని చెయ్యి మీట దాకా వెళ్లింది కూడా. అంతలో సెంటరు బయట ఆటో ఆగింది. చంద్రమ్మ దిగింది.

"తొర్రూరు దిక్కు చుట్టాలింటికి పోయొస్తున్న," అంది కూర్చోకుండానే. "మన జనగామ సెంటర్ కింది పాలకుర్తి దిక్కోళ్లు క్యాన్లు బండ్లకు కట్టుకొని ఐలేశ్ మనుషుల కాడికి పోతున్నరు. ఇంటి ముంగటి జాగ ఇడిచి అంతదూరం ఎందుకు పోతున్నర్రా అంటే, ఆడ మిరపకాయ బజ్జీలు పెడ్తున్నరంట పాలు పోసినోళ్లకు."

ప్రభుదాస్ నోరు తెరిచాడు.

"ఆగు. అట్ల ఐలేశ్ కింది తొర్రూరోళ్లు గూడ కొందరు ఇటు దిక్కు వస్తున్నరు. ఎందుకంటే, శోభ బజ్జీ మీద చాయ్ గూడ పోస్తున్నదంట." ఆమె టీవీ వైపు తిరిగింది. "ఈ నాలుగోది ఏంది?"

"మొత్తం పాలు, అక్కా."

"ఎందుకు కదుల్తలేదు?"

అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "పెరిగితే గద కదిలేది, అక్కా."

మర్నాడు ముగ్గురినీ జనగామ సెంటరుకు పిలిపించింది. ఐలేశ్, శోభారాణి ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

"ఉన్న పాలనే ఈ క్యాన్లకెల్లి ఆ క్యాన్లకు ఒంపుకుంటున్నరు. పైకెల్లి బజ్జీల ఖర్చు. సిగ్గుండాలె."

సారయ్య కాలు మీద కాలేసుకుని హాయిగా వింటున్నాడు. చంద్రమ్మ అతని వైపు చూసి, "నువ్వు మంచోడివి సారయ్యా, గిసోంటి పని చెయ్యలే," అంది.

"ఎక్కడ చెయ్యాలె అవ్వా?" అన్నాడు సారయ్య నిట్టూర్చి. "వాళ్లిద్దరు ఇరుగు పొరుగు. నా పక్కకు అడివి, బొగ్గు బాయిలు. నేనెవరి పాలు గుంజుకోవాలె? జింకల్ని పిండాల్నా?"

శోభారాణి ఫక్కున నవ్వింది. ఐలేశ్ ఆపుకోలేకపోయాడు. కోపంగా ఉండాలనుకున్న చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులయ్యాక ఆమె ప్రభుదాస్‌తో అంది. "సారూ, ఈ పోటీ గుంజలు పీకెయ్. ఎవరి సెంటర్ల వాళ్ల పాలు నిరుటికంటె ఎట్లున్నయో వాళ్లకు కనవడితే సాలు. పాలు పోసేటోళ్లకు పనికొచ్చేది పెట్టు. దాణా ఎప్పుడొస్తది, డాక్టర్ ఏ దినమొస్తడు, గవ్వి."

"ఎప్పటికల్ల అక్కా?"

"నీ చేతుల ఉన్నదే గద. ఎవలనన్న అడగాల్నా?"

ఏ కంపెనీనీ అడగనక్కర్లేదని ప్రభుదాస్‌కు అప్పుడు తట్టింది. పక్క గదిలోకి వెళ్లాడు. మొదట్లో చుక్క కోసం తడుముకున్న వేళ్లు ఇప్పుడు సాఫీగా సాగాయి. చంద్రమ్మ చాయ్ తాగి, సారయ్యతో భూపాలపల్లి మేత సంగతులు మాట్లాడేలోపు టీవీ మీద పోటీ గుంజలు మాయమై, దాణా లారీ వచ్చే రోజు, పశువుల డాక్టరు వచ్చే రోజు పెద్దక్షరాలతో వచ్చాయి. అది చూసి చంద్రమ్మ తల ఊపింది. ఆ ఊపుకు ప్రభుదాస్ ఇంటికి వెళ్లేదాకా నేల మీద నడవలేదు.

బజ్జీలు ఆగిపోయాయి. వారం తిరక్కుండానే పాలు పోసేవాళ్లు పది మందిని వెంటేసుకుని పుష్పమ్మ ఆఫీసుకు వచ్చింది.

"దాణా సంగతి టీవీల చూసినం, మంచిగున్నది," అంది. "బజ్జీలు ఏ దినమొస్తయో దాంట్ల రాయలే."

చంద్రమ్మ చాలాసేపు వాదించి ఓడిపోయింది. పశువుల డాక్టరు వచ్చిన రోజు మూడు సెంటర్లలోనూ బజ్జీలు పెట్టాలని తీర్మానమైంది. మొదటిసారి పెట్టిన రోజున, ఎప్పుడూ టీకాలకు తోలుకురాని వాళ్లు కూడా బర్రెలను తోలుకొచ్చారు. రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి. ప్రభుదాస్ ఆ గుంపును చూసి ఉత్సాహం పట్టలేక, "అక్కా, బజ్జీలకు, టీకాలకు కలిపి ఒక బొమ్మ గీస్తే..." అని మొదలుపెట్టాడు.

చంద్రమ్మ అతని చేతిలో వేడివేడి బజ్జీ పెట్టింది.

"ముందు గిది తిను," అంది.