అమాస నాటి కందుకూరు

"మా అమ్మ ఉన్నన్ని దినాలు ఈ సింకుల ఒక్క గిన్నె కనబడలె," అన్నాడు హన్మంత్, మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి.

భవాని గిన్నెలు తోముతూనే ఉంది. అత్త ఇంద్రమ్మ పోయి నెల కావస్తోంది. దశదినం నాడు బంతిలో కూర్చున్న చుట్టాలంతా ఇదే చెప్పుకున్నారు. నడీడు రాకముందే మొగుడు పోతే ఒంటిచేత్తో పిల్లల్ని సాకింది, మనవడినీ మనవరాలినీ పెంచింది, ఎనభై ఏండ్లలో ఒక్కనాడు నడుం వాల్చలేదు, తల్లంటే గట్లుండాలె. ఆ చివరి మాట మాత్రం అందరూ భవాని దిక్కు చూసే అన్నారు.

వాళ్లుండేది ఇబ్రహీంపట్నంలో. భవాని పక్కనే శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. మొగుడు హన్మంత్ ప్లాట్లు అమ్ముతాడు. ఆదిభట్లకు కంపెనీలు వచ్చినంక అతని చెవి మీంచి ఫోను దిగడం లేదు. ఈ మధ్య కొత్త మాట ఎత్తుకున్నాడు.

"నౌకరి ఇడిసిపెట్టరాదు? అమ్మ ఒక్కతే గింత సంసారం ఎల్లదీసింది. ఆమెకేమన్న పది చేతులున్నయా?"

"ఆలోచిస్త," అంది భవాని. నిజంగానే ఆలోచించింది, కాని నౌకరి గురించి కాదు. ఒక మనిషి ఎనభై ఏండ్లు నడుం వాల్చకుండా ఎట్లా బతుకుతుంది? ఏడుపు కాదు, కోపం కాదు, వింతగా ఉంది ఆమెకు. ఒకే ఇంట్లో ఇన్నేండ్లున్నా అత్తకు ఏ కూర ఇష్టమో తెలియదు. అత్తకంటూ సొంతంగా ఉన్నది ఏదని వెతికితే ఒక్కటే దొరికింది, అమాస నాటి కందుకూరు ప్రయాణం. అక్కడి వైద్యునితో మోకాళ్లకు పసరు కట్టించుకోను పోయేది. పొద్దున్నే అందరికీ వండిపెట్టి బస్సెక్కేది. తోడొస్తానంటే, "ఇంకొకళ్ల నీడ పడొద్దట," అని ఆపేది. దీపాలు పెట్టే యాళ్లకు మోకాళ్లకు గుడ్డలతో, వాయిలాకు పసరు వాసనతో దిగి నేరుగా పొయ్యి దగ్గరికి పోయేది. ఆ పూట మాత్రం ముఖం తేటగా ఉండేది. పసరు మంచిగ పట్టిందనుకునేవాళ్లు ఇంట్లో.

ఆ వైద్యునికి చావు కబురు ఎవరు చెప్పినట్టు? అమాస రాగానే భవాని కాలేజీకి సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా కందుకూరు బస్సెక్కింది.

బస్టాండులో ఎవరినడిగినా పసరు వైద్యుడనేవాడు ఈ ఊళ్లో లేడన్నారు. చివరికి అత్త పేరు, ఊరు చెప్పి అడిగితే పాన్‌డబ్బా అతను, "ఇబ్రహీంపట్నం ఇంద్రమ్మనా? ఆమె మైసమ్మ ఇంటికి గదా వచ్చేది," అని సందు చూపించాడు.

మైసమ్మదీ అత్త ఈడే. ఇద్దరూ ఒక్కూరి పిల్లలు, చేన్ల కలుపు తీయను జతగా పోయినవాళ్లు. సంగతి విని గడపమీద కూలబడింది. "ఒక్క అమాస తప్పకపోయేది. ఇయ్యాల గింత పొద్దెక్కినా రాకపోతె పానం గుంజుతనే ఉండె," అని కొంగు నోట్లో కుక్కుకుంది. భవాని పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"పసరు నువ్వే కడుదువా పెద్దమ్మా?"

ముసలామె తడికండ్లతోనే నవ్వింది. "ఏం పసరు బిడ్డా! దాని మోకాళ్లకేమైంది? ఇనుప కడ్డీలు. పోయెటప్పుడు జర వాయిలాకు నూరి గుడ్డ చుట్టేదాన్ని. మీరు నమ్మాలె గదా."

"మరి ఈడికొచ్చి ఏం జేసేది?"

"పండుకునేది."

"పండుకోను గింత దూరమా?" అంది భవాని.

"నేను ఒండింది తిని, గా మంచం మీద పండుకునేది. పొద్దు వాలినంక లేపుమనేది. మొగడు పోయిన కాన్నుంచి గిదే. మొదట్ల మొక్కున్నదని చెప్పొచ్చేది, ముసలిదైనంక మోకాళ్లని చెప్పింది. మీ ఇంట్లనే పండుకోరాదే అంటె, 'పానం బాగలేకుంటె పండుకోవచ్చు మైసీ, బాగుండి పండుకుంటె ఏమంటరు?' అనేది."

భవాని ఆ మంచం దిక్కు చూసింది. నులక కాస్త వదులై, నడుమ గుంటపడి ఉంది. ఇంకా తెలుసుకోవాలనిపించింది. "గురక పెట్టేదా?"

"ఇల్లెగిరిపోయేది!"

ఇద్దరూ నవ్వారు. ఇంట్లో ఇంద్రమ్మ గురక ఎవరూ వినలేదు. అందరూ పడుకున్నాక ఒరిగి, అందరికంటే ముందే లేచేది.

మైసమ్మ జొన్నరొట్టె, పుల్లటి పుంటికూర పెట్టింది. అడిగితే, అవ్, ఇంద్రమ్మకు ఇదే ఇష్టమట. తిన్నాక భవాని మంచం మీద ఒరిగింది. కన్ను మూతపడి ఎంతసేపైందో, పొద్దు వాలుతుంటే ఫోను మోగింది.

"ఏడున్నవ్?" హన్మంత్ గొంతు. "కాలేజీల లేవట గదా. పిల్లలు ఆకలంటున్నరు. పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్న. కందుకూర్ల ఉన్న, పండుకున్న."

"పండుకునుడేంది! ఏ బస్సుకొస్తవ్?"

ఈ యాళ్లకు ఇంద్రమ్మ లేచి, గబగబా కొంగు సదురుకుని, బస్టాండుకు ఉరికేది. భవాని కాళ్లు చాపుకుంది.

"రేపొస్త. నౌకరి ఇడువ, గదిగూడ ఇను. రాత్రికి బియ్యం నువ్వే పెట్టు."

అటు దిక్కు బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. తర్వాత చిన్న గొంతుతో అడిగాడు, "ఎన్ని గ్లాసులు పొయ్యాలె?"

ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి.

"తినెటోళ్లను చూసి పొయ్యి," అని భవాని ఫోను పెట్టేసి గోడ దిక్కు తిరిగి పడుకుంది.