కుండూదా దిద్దిన డ్రాయింగు

కోల్‌కతాలో లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఫైళ్ల గది కేతకీ ప్రామాణిక్ చేతిలో ఉండేది. రెండేళ్లు తిప్పలు పడి పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఆ ఉదయం ఓ నర్సింగ్ హోమ్‌లో లిఫ్టు ఆగిపోయింది, వైరింగ్ డ్రాయింగు కావాలని మెకానిక్ మదన్ అడిగితే నిమిషంలో పంపేసింది.

కాసేపటికే మళ్లీ ఫోను.

"దిదీ, ఇందులో ఒక్క తీగా కలవట్లేదు."

"లిఫ్టు నంబరు అదేగా?"

"నంబరు కలిస్తే లిఫ్టు కదులుతుందా? ఇక్కడ రోగుల్ని మెట్ల మీద మోస్తున్నారు."

కేతకి అసలు ఫైలు తీసింది. అందులోనూ అదే డ్రాయింగు. ఈ లిఫ్టుకి తీగలు మార్చినట్టు మాత్రం రిజిస్టరులో ఉంది, పక్కన, అందరూ కుండూదా, అంటే కుండూ అన్న, అని పిలిచే పాత మెకానిక్ భవతోష్ కుండూ సంతకం. మార్చిన డ్రాయింగు ఎక్కడా లేదు. మేనేజరు లాహిరీ దగ్గరికి వెళ్లింది.

"మనం స్కాన్ చేసింది తప్పు కాగితం సార్."

"తప్పు కాగితం ఎందుకు స్కాన్ చేశావు?"

ఆమె ఒళ్లు మండిపోయింది. కుండూ రిటైరై ఆరేళ్లయింది, ఫోను పనిచేయడం లేదు. ఆటో పట్టుకుని బరానగర్‌లో ఆయన ఇంటికి వెళ్లింది. ముసలాయన ట్రంకు పెట్టె తెరిచి, పెన్సిల్‌తో దిద్దిన డ్రాయింగు చేతికిచ్చాడు.

"ఇది ఆఫీసులో ఎందుకివ్వలేదు కుండూదా?"

"మూడుసార్లు ఇచ్చానమ్మా. కొట్టివేతలున్న కాగితం ఫైల్లో పెట్టకూడదన్నారు. కొత్తగా గీయిస్తామన్నారు, గీయించలేదు. పారేస్తారని తెచ్చుకున్నా. ఇలాంటివి ఇంకా ముప్పై ఏడున్నాయి."

కేతకి మంచం మీద కూలబడింది. రెండేళ్ల చాకిరీలో ఎంత నిజమో, ఎంత తప్పో ఇక ఎవరు చెప్పగలరు? ఆయన్ని తిట్టాలనిపించింది. డ్రాయింగు ఫొటో తీసి మదన్‌కి పంపింది. మూడింటికి లిఫ్టు కదిలింది.

ఆఫీసుకొచ్చి, ఆ డ్రాయింగు ఫైల్లో చేర్చడానికి లాహిరీ ఆమోదం అడిగింది.

"దిద్దినవాడి సంతకం ఏదీ?" అన్నాడు లాహిరీ.

"ఇదిగో సార్, ఇవాళే పెట్టించాను."

"రిటైరైనవాడి సంతకం చెల్లదు."

కేతకి ఆ డ్రాయింగు తీసుకుంది. తన గదికి వెళ్లి, ఫైల్లోంచి పాత డ్రాయింగు తీసేసి, దిద్దినది పెట్టింది. ఆమోదించినవారు అని ఉన్న గడిలో తన పేరే పెద్దక్షరాలతో రాసింది. తర్వాత సెలవు చీటీ తీసుకుని, మర్నాడు రానని, బరానగర్‌లో పని ఉందని రాసి లాహిరీ బల్ల మీద పెట్టింది.