సుక్కికి ఊపిరాడని రోజు

మూడో వాల్వు తిప్పడానికి గోతిలోకి వంగిన కూర్మయ్యకి పైనుంచి ఒక చప్పుడు వినిపించింది. తడి కర్రను రంపంతో కోస్తున్నట్టుంది. తలెత్తి చూశాడు. అతని కుక్క సుక్కి ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, మెడ ముందుకు చాపి నిలబడి ఉంది. నోరు తెరిచే ఉంది. డొక్కలు ఎముకలు కనబడేంతగా లోపలికి పోయి, మళ్ళీ పైకి లేస్తున్నాయి.

"ఏటే? ఏటైనాది నీకు?"

తోక ఒకసారి కదిలింది. పడుకోబోయింది. పడుకుంటే ఊపిరి అందక మళ్ళీ లేచి నిలబడింది.

అప్పటికింకా ఎండ ఎక్కలేదు. అది పరుగెత్తిందీ లేదు. రాత్రి అన్నం మామూలుగానే తింది. పొద్దున ట్యాంకు దగ్గర ఎప్పటిలాగే అతని కంటే ముందు బయల్దేరింది.

పంచాయతీ నీళ్ళు వదిలే పనిలో కూర్మయ్యకిది ఇరవై ఆరో ఏడు. ఊళ్ళో సగం మందికి అతని పేరు తెలియదు. నీళ్ళ మావ అంటారు. సన్నటి మనిషి. వాల్వులు తిప్పే ఇనప రాడ్డు మోసి మోసి కుడి భుజం కిందికి జారిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట, వానల్లో, ఒక వాల్వు గోతిలో చెయ్యి పెట్టబోతుంటే ఎవరిదో తెలియని కుక్కపిల్ల అడ్డుపడి మొరిగింది. లోపల కట్లపాము చుట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి ప్రతి గోతిలోకీ ముందు సుక్కి తొంగిచూసేది, తరవాతే అతను దిగేవాడు.

మూడో వాల్వు తిప్పేశాడు. ఇంకా రెండు వీధులకు నీళ్ళు వదలాలి. స్కూలు వీధిలో బిందెలు అప్పుడే వరస కట్టాయి.

"ఏటి మావా, ఇయ్యాల నీలు రావా?"

"వస్తన్నానమ్మా, వస్తన్నాను."

కుక్కను భుజాన వేసుకున్నాడు. దాని గుండె అతని మెడ పక్కన దడదడా కొట్టుకుంటోంది. నాలుగోది ఒంటి చేత్తో తిప్పాడు. ఐదోది బిగుసుకుపోయింది. కుక్కను కింద దించక తప్పలేదు. తిప్పుతున్నంతసేపూ చెవి దాని ఊపిరి మీదే పెట్టాడు. మధ్యలో ఒక్క క్షణం చప్పుడు ఆగినట్టనిపించి రాడ్డు వదిలేసి పైకి ఎగబాకాడు. సుక్కి అతన్నే చూస్తోంది. దాని నాలుక నేరేడుపండు తిన్నట్టు నల్లబడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. నిన్న సాయంత్రం ట్యాంకు కింద బ్లీచింగ్ బస్తా విప్పాడు. గాలి మళ్ళి పొడి సుక్కి పడుకున్న షెడ్డువైపు లేచింది. సుక్కి వరసగా రెండుసార్లు తుమ్మింది. అతను నవ్వాడు.

ఐదోది తిప్పేసి ఇంటికి మోసుకొచ్చేసరికి భార్య లక్ష్మణమ్మ వాకిలి కడుగుతోంది. ఆ కుక్కను ఏనాడూ గుమ్మం ఎక్కనివ్వని మనిషి. చూడగానే చీపురు పడేసింది.

"అయ్యో, నాలికేటి అలగైపోయింది? గోవింద్‌గోడికి ఫోన్ సెయ్యి. బేగి సెయ్యి."

గోవింద్ ఆమె తమ్ముడి కొడుకు, ఆటో నడుపుతాడు. లక్ష్మణమ్మ లోపలికెళ్ళి తన పాత చీర తెచ్చి ఆటో సీటు మీద మడతేసి పరిచింది.

నరసన్నపేటలో ఝాన్సీ డాక్టరమ్మ క్లినిక్ అప్పుడే తెరిచారు. ఆమె చిగుళ్ళు నొక్కి చూసింది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఇంజక్షన్లు చేసి, మూతికి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఇచ్చింది. కూర్మయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. తనకు తెలియకుండానే దానితో పాటు ఊపిరి తీస్తున్నాడు. అది ఆలస్యం చేస్తే తనూ ఆగుతున్నాడు.

చాలాసేపటికి ధైర్యం చేశాడు.

"అమ్మా, నిన్న బీచింగ్ పొడి ఎగిరింది. నా సేతిలోదే. దానివల్లేనేటమ్మా?"

"కావచ్చు, కాకపోవచ్చు. గుండె వాచినా ఇలాగే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఇంతే. ఎక్స్‌రే తీస్తే గానీ చెప్పలేను."

"నిన్న రెండుసార్లు తుమ్మింది."

"దాన్నిబట్టి ఏమీ చెప్పలేమండీ." కూర్మయ్యకు దగ్గు తెర వచ్చింది. ఆమె అతని వైపు చూసింది. "మీకు ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"నాకా? నాకేటీ నేదమ్మా."

మధ్యాహ్నానికి నాలుక రంగు కొంచెం తిరిగింది. సుక్కి తల వాల్చి పడుకోగలిగింది. రేపు పొద్దున్నే విశాఖ తీసుకెళ్ళమంది డాక్టరమ్మ, అక్కడ డాక్టరుకు కాగితం రాసిచ్చింది. ఎండ తగలనివ్వొద్దంది, ఆయాసం పెరిగితే వెంటనే వెనక్కి తెమ్మంది.

హైవే మీద ఆటో మెల్లగా పోతోంది. సుక్కి తల కూర్మయ్య తొడ మీద ఉంది. రేపు నీళ్ళు ఎవరు వదులుతారు? కూతురి పెళ్ళి జరిగిన రోజున కూడా ఐదు వాల్వులూ తిప్పి వచ్చి పీటల మీద కూర్చున్నవాడు. ఫోన్ తీసి పంచాయతీ సెక్రటరీకి చేశాడు.

"బాబూ, రేపు నాను రాను. విశాఖపట్నం ఎల్లాలి. ఇంట్లో వొంట్లో బాగునేదు."

"ఎవరికి?"

కూర్మయ్య సుక్కి చెవి నిమిరాడు. "మా ఇంట్లో మనిసికి బాబూ."

ఫోన్ జేబులో పెట్టుకుని చెయ్యి దాని డొక్క మీద వేశాడు. డొక్క చేతి కింద పైకి లేవలేదు. కాసేపు చూశాడు. ఆటో కుదుపుకి కదిలితే ఊపిరేమో అనుకున్నాడు. మళ్ళీ చూశాడు. గోవింద్‌కి వెంటనే చెప్పలేదు. ఎండ పడుతోందని తువ్వాలు తీసి దాని కళ్ళ మీద అడ్డం పట్టాడు. ఊరి మలుపు వచ్చాక అన్నాడు:

"ఇంటికొద్దురా. ట్యాంకు కాడికి పోనీ."

ట్యాంకు వెనక మెత్తటి చోట ఇద్దరూ తవ్వారు. లక్ష్మణమ్మ వచ్చి పాత చీరతోనే చుట్టింది. సాయంత్రం వేళకి కూర్మయ్య మోటారు వేసి, రాడ్డు భుజాన పెట్టుకుని వెళ్ళాడు. ఐదు వీధులకీ నీళ్ళు అందాయి.

తిరిగొచ్చేసరికి సెక్రటరీ బండి ఆపుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంట్లో బాగోలేదన్నావుగా? రేపటికి వేరే మనిషిని చూశాను."

"అక్కర్నేదు బాబూ. నానే వస్తాను."

"తగ్గిందా?"

"ఊఁ."

బండి వెళ్ళిపోయింది. కూర్మయ్య షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు చేతికి తగిలింది. లుంగీ మడతకి అంటుకుని తెల్లటి ప్లాస్టరు ముక్క, సుక్కికి సూది గుచ్చిన చోట డాక్టరమ్మ అంటించింది. మధ్యలో దూది, దూది మీద శనగగింజంత రక్తపు మరక, జిగురు అంచున నాలుగైదు గోధుమరంగు వెంట్రుకలు.